డ్రాగ్ ప్రాక్టీస్ బండ్ల కాలిన ఆయిల్ ఎవరికి ఇవ్వాలి? (హనుమకొండ)

ఆర్‌ఎక్స్_హనుమకొండ:

అన్నలకు నమస్తే. మేము నలుగురం కలిసి డ్రాగ్ రేసుకు, అంటే తిన్నటి రోడ్డు మీద కొంత దూరం ఎవరు ముందు పోతారో చూసే పందేనికి, బండ్లు తయారు చేసుకుంటాం. ఒక ఆర్‌ఎక్స్ 100, రెండు పల్సర్ 220లు, ఒక డ్యూక్ 390. హసన్‌పర్తి అవతల తెలిసినాయన వెంచర్ ఒకటుంది. ప్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదు గానీ సీసీ రోడ్డు మాత్రం తిన్నగా పడింది. ఆయన్ని అడిగి, గేటు వేసుకుని, ఆదివారం పొద్దున్నే రన్నులు తీస్తాం. పబ్లిక్ రోడ్డు మీద కాదని ముందే చెప్తున్నా, ఆ లొల్లి ఇక్కడ వద్దు.

నా టెన్షన్ ఆయిల్ గురించి. మామూలు బండికి వేల కిలోమీటర్లు తిరిగాక మార్చే ఆయిల్‌ను మేము కొన్ని రన్నులకే మార్చేస్తాం. డ్యూక్‌లో దింపితే లీటరున్నర పైనే వస్తుంది, పల్సర్లలో ఒక్కోదాంట్లో లీటరు పైన. ఇంటి వెనక రేకుల షెడ్డులో కూల్‌డ్రింక్ సీసాలు, పెయింట్ డబ్బాలు అన్నీ నిండిపోయాయి. "ఇల్లు అంటుకుంటే గాని మీకు బుద్ధి రాదా" అని అమ్మ రోజూ అంటోంది.

ఇంకోటి. వెంచర్‌ను ఆనుకుని ఒక పెద్దాయన వరి పొలం ఉంది. పోయిన వానకి వెంచర్ వైపు నుంచి వచ్చిన నీళ్ల మీద రంగురంగుల తెట్టు కట్టిందని వచ్చి అడిగాడు. అది మాదో, అక్కడ ఆపే టిప్పర్లదో తేల్చే దారి లేదు. తిట్టలేదు, గొడవ చేయలేదు. "నారు పోసిన మడిలోకి వస్తోంది బిడ్డా, జర చూసుకోండి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఈ ఆయిల్ ఎవరికి ఇవ్వాలి? రూల్స్ మాలాంటోళ్లకు కూడా ఉంటాయా, కంపెనీలకేనా? మా గల్లీలో సెంట్రింగ్ మేస్త్రీ ఒకాయన మొత్తం తీసుకుపోతా అంటున్నాడు, ఇచ్చేయొచ్చా?

పరకాల_220:

ఇచ్చేయ్ తమ్మీ, ఇంత ఆలోచన దేనికి. సెంట్రింగ్ రేకులకు రాస్తే కాంక్రీటు అంటుకోదు. మా ఊళ్లో కంచె గుంజలకు చెదలు పట్టకుండా కూడా ఇదే పూస్తారు. పారబోస్తే తప్పు గానీ పనికొచ్చేదానికి ఇస్తే తప్పేముంది?

ఆటోనగర్_కాకా:

తమ్మీ, ముందు నీ డబ్బాల సంగతి. పెయింట్ డబ్బాల్లో పోసింది ఇప్పుడే పక్కకు పెట్టు, సీసాల్లోదానితో కలపకు. కాలిన ఆయిల్‌లో ఇంకేదీ కలవనంతవరకే దానికి విలువ. దాన్ని శుద్ధి చేసి మళ్లీ బేస్ ఆయిల్, అంటే కొత్త ఆయిల్‌కు మూల సరుకు, తీస్తారు. అందులో థిన్నరో, కూలెంటో, బ్రేక్ ఆయిలో, కార్బ్యురేటర్ క్లీనరో పడిందంటే రీసైక్లింగ్ వాళ్లు ముట్టుకోరు. అప్పుడది కాల్చేయడానికి పోవాల్సిందే, దానికి ఎదురు డబ్బు కట్టాలి.

మీ డ్రాగ్ బండ్లతో ఇంకో తిప్పలుంది. ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువ పోయేలా ట్యూన్ చేస్తారు, రిచ్ అంటారు దాన్ని. కాలకుండా మిగిలిన పెట్రోలు పిస్టన్ రింగులు దాటి కిందికి, ఆయిల్‌లోకి దిగుతుంది. ఫిల్లర్ మూత తీసి వాసన చూడు, ముక్కుకు తగులుతుంది. అలాంటి ఆయిల్ మామూలుదానికంటే తొందరగా అంటుకుంటుంది కాబట్టి మీ అమ్మ మాట తీసిపారేయకు. రేకుల షెడ్డులో, ఎండాకాలం, మూత సరిగ్గా పట్టని సీసాలు! ఎవరైనా పెట్రోలుకు బదులు మిథనాల్ పోసి నడిపితే ఆయిల్ తెల్లబారి, పాలు ఎక్కువైన చాయ్ రంగులో దిగుతుంది. దాన్ని వేరే క్యాన్‌లో పట్టి మీద మార్కర్‌తో రాయండి. ఆర్‌ఎక్స్‌తో మాత్రం బాధ తక్కువ. అది టూ స్ట్రోక్ బండి, దాని 2టీ ఆయిల్ పెట్రోలుతో పాటే కాలిపోతుంది, సైలెన్సర్ జాయింట్ దగ్గర కారే నల్ల జిగురు తప్ప మిగిలేది లేదు. గేర్ బాక్సులో ఉండే 650 మిల్లీలీటర్లే లెక్కకు వస్తాయి.

రూల్స్ ఎవరికి అన్నావు. 2016లో కేంద్రం తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ మొదటి షెడ్యూల్‌లోనే, 5.1 కింద ఉంది. బాధ్యత ఎవరిది అన్నచోట ఫ్యాక్టరీ నడిపేవాడితో పాటు ఆ వ్యర్థం ఎవరి దగ్గర ఉంటే వాళ్లని కూడా రాశారు. అలాగని నీ నాలుగు సీసాల కోసం ఫారాలు నింపమని ఎవరూ ఇంటికి రారు. అనుమతి తీసుకోవడం, డ్రమ్ము మీద లేబుల్ వేయడం, 90 రోజులకు మించి నిల్వ పెట్టకపోవడం, బండి ఎక్కించేటప్పుడు మేనిఫెస్ట్ (సరుకు వివరాల కాగితం) రాయడం, ఇవన్నీ మాలాంటి మెకానిక్ షెడ్లకు, సర్వీస్ సెంటర్లకు. నీ వరకు నేల మీద, మోరీలో, కాలువలో పోయకపోవడం, అనుమతి లేనివాడి చేతికి ఇవ్వకపోవడం. పోస్తూ దొరికితే 1974 నాటి నీటి చట్టంలో 24వ సెక్షన్ ఎలాగూ ఉంది. ఇక ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి. ఆ చట్టంలో జైలుశిక్ష తీసేసి, 2024 ఏప్రిల్ నుంచి 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు. జైలు లేదని సంబరపడకండి. అప్పట్లో కోర్టులో కేసు నడిస్తే గాని ఏమీ అయ్యేది కాదు, ఇప్పుడు విచారణ అధికారే పెనాల్టీ వేయొచ్చు.

ఇక సెంట్రింగ్. పరకాల తమ్ముడు చెప్పినట్టు మేస్త్రీలు వాడేది నిజమే. నా షెడ్డుకూ క్యాన్ పట్టుకుని వస్తారు, నేను ఇవ్వను. రేకుకు రాసింది ఎటు పోతుందో ఒకసారి సైట్ దగ్గర నిలబడి చూడండి. స్లాబ్ వేసిన మర్నాటి నుంచి క్యూరింగ్ నీళ్లు కొడతారు. రేకులు ఊడదీసి పక్కనే మట్టిలో పేర్చుతారు, అక్కడే మళ్లీ పూస్తారు. కారింది కారినట్టు మట్టిలోకే. పూసేది గుడ్డ పీలికతో, ఒట్టి చేతులతో. కొత్త ఆయిల్ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి, వాడిన ఆయిల్‌ను ఎక్కువసేపు చర్మానికి తగలనివ్వొద్దని ఉంటుంది. ఇంజిన్ వేడికి పుట్టిన మసి పదార్థాలు, అరిగిన లోహపు పొడి అన్నీ అందులోనే. ఎలుకల చర్మానికి అదే పనిగా పూసి చూస్తే క్యాన్సర్ వచ్చింది. రేకులకు పూయడానికి షట్టరింగ్ ఆయిల్ అని వేరుగా దొరుకుతుంది. దాన్ని కొనడం ఇష్టం లేక, ఇది ఉత్తగా దొరుకుతుందని వాడతారు, అంతే.

సెంట్రింగ్ వాళ్లకంటే నాకు భయం ఇంకో రకం బేరగాళ్లతో. మంచి రేటు ఇస్తామంటారు, కాగితం అడిగితే మాట మారుస్తారు. ఆ ఆయిల్‌నే వడగట్టి, రంగు తేల్చి, బ్రాండ్ డబ్బాల్లో నింపితే మళ్లీ మన ఇంజిన్లలోకే వస్తుంది. అందుకే ఖాళీ డబ్బాలు స్క్రాప్‌కు వేసే ముందు అడుగున కత్తితో ఒక గాటు పెట్టండి. మా షెడ్డులో పిల్లలకు నేర్పిన మొదటి పని అదే.

కాగితం అంటే ఏమడగాలో చెప్తా. 2023 సెప్టెంబరులో ఆ ప్రమాదకర వ్యర్థాల నిబంధనలకే ఒక సవరణ వచ్చింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం లూబ్రికెంట్ ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీలే తాము అమ్మినదాని లెక్కలో ఇంత శాతం అని వాడిన ఆయిల్ రీసైకిల్ అయ్యేలా చూడాలి. మొదటి ఏడాది 5 శాతమే పెట్టారు, తర్వాత ఏటా పెరుగుతుంది. 5 శాతం చూసి నేనూ నవ్వుకున్నా. కానీ దాని వల్ల పనికొచ్చేది ఒకటి జరిగింది. ఆయిల్ సేకరించేవాళ్లు, రీసైకిల్ చేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. ఆయిల్ కోసం వచ్చినవాణ్ణి ఆ రిజిస్ట్రేషన్ చూపించమను. చూపిస్తే ఇవ్వు, లేకపోతే చాయ్ తాగించి పంపు.

కరీంనగర్_క్వార్టర్‌మైల్:

కాకా చెప్పింది దింపిన ఆయిల్ గురించి. పెద్దాయన మడిలోకి పోయేది దింపింది కాదు, కారింది. దాని గురించి నేను చెప్తా.

మోటార్‌సైకిల్ రేసింగ్‌కు ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఎం. మన దేశంలో మోటార్ రేసింగ్ చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ దాని కిందే నడుస్తుంది. ఎఫ్‌ఐఎంకు పర్యావరణ కోడ్ అని వేరే పుస్తకమే ఉంది. బండికి పని చేసేటప్పుడు, పెట్రోలు పోసేటప్పుడు కింద మ్యాట్ ఉండాల్సిందే. కనీసం 160 సెం.మీ. పొడవు, 100 సెం.మీ. వెడల్పు, లీటరు ద్రవం పీల్చగలగాలి, అడుగు నుంచి నేలలోకి దిగకూడదు. రోడ్ రేసింగ్ బండ్లకైతే ఇంజిన్ పగిలినప్పుడు అందులోని ఆయిల్, కూలెంట్‌లో కనీసం సగం పట్టేలా కింది ఫెయిరింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే కవచం) ఉండాలి. అమెరికాలో పెద్ద డ్రాగ్ కార్లకు ఇంజిన్ కింద ఒక సంచీ లాంటిది కడతారు, దాన్ని డైపర్ అనే పిలుస్తారు. అక్కడ డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీల్లో ప్రొఫెషనల్ టీము ట్రాక్ మీద ఆయిల్ పోస్తే జరిమానా వేసి, పాయింట్లు కోస్తారు. ప్రకృతి మీద ప్రేమతో కాదులే. వెనక వచ్చే బండి జారుతుంది, ట్రాక్ తుడిచేసరికి టీవీ టైం పోతుంది.

మనకు ఆ మ్యాట్ కొనే స్తోమత ఎక్కడిది. మేము ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ఒకటి తెచ్చి కింద పరుస్తాం, దాని మీద పాత బొంత. బొంత పీలుస్తుంది, ఫ్లెక్సీ కిందికి దిగనివ్వదు. నాలుగు అంచుల కింద కర్రలు పెట్టి లేపితే పక్కకూ పారదు. నాయకుడి మొహం కింది వైపు ఉండేలా పరుచుకోండి, మాకు ఒకసారి ఆ విషయంలోనే గొడవ అయింది.

పబ్లిక్ రోడ్డు కాదన్నావు, సరే. కానీ రేసులకు శిక్ష చెప్పే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్‌లో ఉన్నది పబ్లిక్ రోడ్డు అని కాదు, పబ్లిక్ ప్లేస్ అని. జనానికి వచ్చిపోయే హక్కున్న చోటు ఏదైనా దాని కిందికే వస్తుంది. ప్లాట్లు చూడటానికి కార్లు వచ్చే టైంలో గేటు తీసి ఉంచి రన్ తీశారనుకో, మీ వాదన నిలబడటం కష్టం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

పరకాల_220:

కాకా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఆటోనగర్‌లోనే మోరీలు నల్లగా పారుతాయి. లారీలు రోడ్డు పొడవునా కార్చుకుంటూ పోతాయి. ఈ పిల్లల లీటరు దగ్గరే రూల్స్ అన్నీ గుర్తొస్తాయా?

ఆటోనగర్_కాకా:

పారుతాయి, కాదనను. మా లైన్‌లో కొందరం డ్రమ్ములు పెట్టుకున్నది అందుకే, అందరూ పెట్టుకోలేదు. కానీ లీటరే కదా అని తీసిపారేసే సరుకు కాదు ఇది. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదు. లారీ కార్చేది తారు మీద ఎంతో దూరం చెదిరిపోతుంది. వీళ్లది ప్రతి ఆదివారం ఒకే స్టార్టింగ్ లైన్ దగ్గర, పక్కనే నారుమడి. ఊరంతటి సంగతి నేను మాట్లాడట్లేదు, ఆ మడి సంగతి మాట్లాడుతున్నా.

ఆర్‌ఎక్స్_హనుమకొండ:

కాకా, కరీంనగర్ అన్నా, చాలా థ్యాంక్స్. మేస్త్రీకి ఇవ్వనని చెప్పేశా, కొంచెం అలిగాడు. ఫ్లెక్సీకి లోటు లేదు, మా ఫ్రెండ్ వాళ్ల బాబాయికి ఫ్లెక్సీ ప్రింటింగే పని. ఇంకొన్ని అడుగుతా, విసుక్కోకండి. రోడ్డు మీద ఆల్రెడీ ఉన్న మరకలు సర్ఫ్ పెట్టి కడిగితే పోతాయా? పాత ఫిల్టర్లు ఏం చేయాలి? పెయింట్ డబ్బాల్లోది చివరికి ఎక్కడికి పంపాలి? ఒక పాత బ్యాటరీ కూడా ఉంది.

ఆటోనగర్_కాకా:

సర్ఫ్ వద్దే వద్దు. అది ఆయిల్‌ను మాయం చేయదు, సన్నటి చుక్కలుగా విడగొట్టి నీళ్లతో ఇంకా దూరం పంపిస్తుంది. నేరుగా పెద్దాయన మడిలోకి. పొడిగానే తీయాలి. మన దగ్గర రైస్ మిల్లులు ఎక్కువ కదా అని అందరూ ఊక చల్లుతారు. ఊక పైపొర నున్నగా ఉంటుంది, తొందరగా పీల్చదు. సా మిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చుకో. చల్లి, చెప్పు కాలితో రుద్ది, కాసేపు వదిలి ఊడ్చెయ్. మళ్లీ ఒకసారి చల్లు. రోడ్డు అంచున మట్టి నల్లబడి ఉంటే ఆ పై మట్టి పారతో గీకి అదే సంచిలో వెయ్యి. ఈ పొట్టు, మట్టి, మీ బొంత పాడయ్యాక అది కూడా, చెత్త బండిలో వేయకూడదు, కాల్చకూడదు. ఆయిల్ అంటిన వ్యర్థానికి ఆ షెడ్యూల్‌లోనే 5.2 అని వేరే నంబరు ఉంది. మూట కట్టి నా దగ్గరికి తే, నావాటితో కలిపి పంపిస్తా.

ఫిల్టర్ ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే తీసి గరాటులో బోర్లించి రాత్రంతా వదిలెయ్. పైకి పొడిగా కనిపించినా పొద్దునకి అడుగున చూడు ఎంత దిగిందో. డ్యూక్‌లో, పల్సర్‌లో ఉండేది కాగితం ఎలిమెంటే కాబట్టి కారిన తర్వాత పొట్టు సంచిలోకే.

బ్యాటరీ కొత్తది కొనేచోట ఇచ్చెయ్, పాతదానికి ఎంతో కొంత తగ్గిస్తారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అది తిరిగి కంపెనీ లెక్కలోకే చేరాలి. పెయింట్ డబ్బాల్లోది మాత్రం నా డ్రమ్ములో పోయనివ్వను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వరంగల్‌లో రీజినల్ ఆఫీసు ఉంది, అక్కడ అడుగుదాం. ఇలాంటివి దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల ప్లాంటుకు పోవాలి, కానీ వాళ్లు సీసాల లెక్కన తీసుకోరు. నా షెడ్డు పేరు మీద పోయే సరుకుతో కలపొచ్చా అని నేనే కాగితం పెట్టి అడుగుతా.

శనివారం సాయంత్రం రా, కూల్‌డ్రింక్ సీసాల్లోది తీసుకుంటా. బండి మీద తెచ్చేటప్పుడు సీసాలు నిలబెట్టి బకెట్లో పెట్టుకో, సంచిలో అడ్డంగా పడేసుకుని రాకు. ఇకనుంచి ఐదు లీటర్ల ఆయిల్ క్యాన్ ఒకటి దీనికే పెట్టుకోండి, కొత్త ఆయిల్ వచ్చిన క్యానే అయితే ఇంకా మంచిది, కడగాల్సిన పని కూడా లేదు. మిథనాల్‌ది ఉంటే ముందే చెప్పు. బ్రేక్ ఆయిల్ సీసా ఏదైనా ఉంటే ఈసారికి ఇంట్లోనే ఉంచు, దానికి వేరే డబ్బా ఇంకా పెట్టలేదు.