అప్‌డేట్: హంప్టా పాస్ దాటలేదు, క్షేమంగా వచ్చేశాం

మొదటిసారి ట్రెక్‌కి వెళ్తున్నాం, హిమాచల్ కొండల్లోని హంప్టా పాస్ (కొండల మధ్య కనుమ) ఎక్కగలమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. పాస్ ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. మేం 3,600 దగ్గర, బాలూ కా ఘేరా క్యాంపు నుంచే వెనక్కి తిరిగాం.

హనుమకొండలో రోజూ పద్మాక్షి గుట్ట ఎక్కి దిగాం, కాళ్లు బాగానే ఆడాయి. కానీ 300 మీటర్ల ఎత్తు కూడా లేని ఊళ్లో ఎంత ఎక్కినా పలచటి గాలి అలవాటు కాదు. రాత్రి తమ్ముడికి ఒకటే తలనొప్పి, రెండు వాంతులు. పొద్దున అడుగు ముందు అడుగు ఆనించి నడవమంటే తూలాడు. అలా తూలితే ఎత్తు పడక వచ్చే జబ్బు ముదిరినట్టే, వెంటనే కిందికే అన్నాడు గైడ్.

ట్రెక్ మొదలైన జోబ్రాకి దిగాక తమ్ముడు "ఆకలైతుందన్నా" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తలనొప్పి తగ్గకపోతే ఒక్క అడుగు కూడా పైకి వేయొద్దని నా ప్రశ్నకి జవాబు రాసిన అక్కా, మీకు దండం.