ప్రతి వింత వెలుగూ శుక్రుడేనా?

నిద్రపట్టనివాడు:
లడఖ్ సరిహద్దులో మన సైనికులు చూసిన వెలుగులు చివరికి గురుడు, శుక్రుడు అని తేల్చారు కదా. నెలల తరబడి కాపలా కాసేవాళ్ళకి చుక్కేదో డ్రోనేదో తెలీదా? జవాబు దొరక్కపోతే 'శుక్రుడు' అని రాసి ఫైలు మూసేస్తారేమో అని నా అనుమానం.

పాతదుర్భిణి:
మీ అనుమానం సగం న్యాయమే.

లడఖ్‌లో మాత్రం కాదు. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా 329 సార్లు చూశామని, అందులో 155 సార్లు సరిహద్దు దాటి వచ్చాయని సైన్యం లెక్క రాసుకుంది. చైనా డ్రోన్లేమోనని వాళ్ళ భయం. లెక్క రాసుకోబట్టే బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్ళకి తేల్చడం కుదిరింది. 2012 డిసెంబరు మొదట్లో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నాడు. అంటే పొద్దుగుంకగానే తూర్పున లేచి రాత్రంతా ఉంటాడు. శుక్రుడేమో అప్పుడు వేగుచుక్క. ఆ ఎత్తులో, ఆ పల్చటి గాలిలో రెండూ ఎలా మెరుస్తాయో ఊహించుకోండి.

సైనికుల్ని తక్కువ చేయకండి. ఇన్నేళ్ళుగా దుర్భిణి పట్టుకు తిరిగే నేనే, దిగంతం దగ్గర ఎరుపూ ఆకుపచ్చా మారుస్తున్న వెలుగుని హెలికాప్టరని పందెం కాశాను. సిరియస్ నక్షత్రం అది. పందెం పోయింది, పరువూ పోయింది.

మీ అనుమానం సరిపోయేది మాంటెల్ కేసుకి. 1948 జనవరి 7న అమెరికాలోని కెంటకీలో మాంటెల్ అనే పైలట్ ఆకాశంలో ఒక వస్తువుని వెంటాడుతూ విమానం కూలి చనిపోయాడు. శుక్రుడే అన్నారు మొదట. పట్టపగలు శుక్రుడు ఎంత కనిపిస్తాడండీ? అది అమెరికా నౌకాదళం రహస్యంగా ఎగరేసిన స్కైహుక్ బెలూన్ అయి ఉండొచ్చని తర్వాత అన్నారు.

లెక్కలరావు:
ఇలాంటి వింత వెలుగుల మీద అమెరికా వైమానిక దళం జరిపిన 'బ్లూబుక్' విచారణ ఫైళ్ళలో 12,618 కేసులుంటే 701 తేలకుండానే మిగిలాయి. అవీ చెప్పాలిగా.

పాతదుర్భిణి:
చెప్పాలి. కాకపోతే తేలలేదంటే గ్రహాంతరవాసులని కాదు.

నిద్రపట్టనివాడు:
సరే సార్, మాలాంటివాళ్ళు పోల్చుకునేదెలా?

పాతదుర్భిణి:
కదలకుండా కూర్చుని వెలుగుని కిటికీ చువ్వకి ఆనించి చూడండి. చీకట్లో ఒంటరి చుక్కనే తదేకంగా చూస్తే కన్ను దాన్ని ఊగిస్తుంది, చువ్వ ఊగదు. మర్నాడు అదే చువ్వ దగ్గరికి సుమారు నాలుగు నిమిషాలు ముందే వస్తే నక్షత్రం. గురుడిదీ ఇంచుమించు అదే లెక్క. డ్రోనుకి ఆ నియమం లేదు.

నిద్రపట్టనివాడు:
నిన్న తెల్లవారుజామున చూశాను. తూర్పు కిటికీ. పది నిమిషాల్లో చువ్వ దాటి కుడివైపు, కాస్త పైకి జరిగింది. ఇవాళ మబ్బు పట్టింది.

పాతదుర్భిణి:
టైము రాసుకున్నారా?