సమస్యాపూరణం: ఓడిపోనివాఁడె యోడిపోయె

సత్యనారాయణపురం నుంచి (సమస్య ఇచ్చినవారు):
అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి, ఇదిగోండి.

*ఓడిపోనివాఁడె యోడిపోయె*

ఈసారి షరతు ఒకటుంది, పూరణ బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు గారించా మీదే ఉండాలి. పీలే మనందరికీ తెలుసు, మారడోనా తెలుసు, మెస్సీ పదో నంబరు చొక్కా అయితే బెజవాడలో ఏ సందులో చూసినా కనిపిస్తుంది, గారించా అంటే మాత్రం ఎవరాయన అంటారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను.

1933 అక్టోబరు 28న రియో దగ్గర పావ్ గ్రాందె అనే మిల్లు ఊళ్ళో పుట్టాడు. రెండు కాళ్ళూ ఒకే వైపుకి వంగి ఉండేవి, కుడికాలు లోపలికి ఎడమకాలు బయటికి, పైగా ఎడమకాలు 6 సెంటీమీటర్లు పొట్టి. బట్టల మిల్లులో పని చేస్తూ ఆడుకునేవాడు. 1953లో బొటఫోగో క్లబ్బులో ట్రయల్‌కి వెళ్తే ఎదురుగా బ్రెజిల్ జట్టు డిఫెండర్ నిల్టన్ శాంటోస్‌ని నిలబెట్టారు, ఈయన ఆయన కాళ్ళ మధ్యనుంచే బంతి తోసేసి అవతల తీసుకున్నాడు, ఆట అయ్యాక శాంటోసే వెళ్ళి ఈ కుర్రాణ్ణి వెంటనే తీసుకోండి, ఇతను ఎదటి జట్టులో ఉంటే నాకు నిద్ర పట్టదు అన్న అర్థంలో చెప్పాడట.

పాత వీడియోలు దొరికితే తప్పక చూడండి. చేసేది ఎప్పుడూ ఒకటే. బంతి దగ్గర ఆగుతాడు, డిఫెండరూ ఆగుతాడు. భుజం ఎడమకి వాలుస్తాడు, బంతి కదలదు, డిఫెండర్ బరువంతా అటు పోతుంది, అప్పుడు కుడిపక్కనుంచి వెళ్ళిపోతాడు. కుడికే పోతాడని అవతలివాడికీ తెలుసు, గ్యాలరీలో వాళ్ళందరికీ తెలుసు, ఆపిన వాళ్ళు మాత్రం అరుదు. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచకప్పులో మొదటి రెండు మ్యాచ్‌లకి ఈయన్ని కూర్చోబెట్టి, మూడోది సోవియట్ యూనియన్‌తో ఆడించారు, పీలేకి కూడా ఆ కప్పులో అదే మొదటి మ్యాచ్, మొదటి మూడు నిమిషాల్లోనే గారించా షాట్ గోల్‌పోస్ట్‌కి తగిలింది, పీలేదీ తగిలింది, జట్టులోని వావా గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఈ ఇద్దరూ కలిసి దిగిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడలేదు. సమస్యలో మొదటి సగం అది. రెండో సగం మీరు పూరించండి.

పటమట తమ్ముడు:
నమస్తే అండి, నేను కాలేజీ టీమ్‌లో రైట్ వింగ్ (మైదానం కుడి అంచున) ఆడతాను, పద్యం రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను, చూసి చెప్పండి.

*బంతి కాలఁ దొక్కి పరుగెత్తు వింగరై*
*రెండు కప్పు లాడి గెలిచి తెచ్చి*
*తిరిగి లేవలేదు తీరని దాహాన*
*ఓడిపోనివాఁడె యోడిపోయె*

బ్రాడీపేట మాష్టారు:
నాయనా, మొదటి పాదం చాలా బాగుంది, బంతి-పరుగు యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో యతిస్థానంలోని అక్షరానికీ పొంతన) హాయిగా పడింది. రెండో పాదంలో యతి తప్పింది. 'రెం'కీ 'గె'కీ అచ్చు కలిసింది గానీ హల్లు కలవలేదు, ప్రాసయతి (ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలవడం) కూడా కుదరదు. గణాలు (గురు లఘువుల గుంపులు) మాత్రం అన్నీ సరిగ్గా వేశావు. వింగరు, కప్పు లాంటి మాటలు పద్యంలో వాడొచ్చా అని ఎవరైనా అడుగుతారేమో, నిక్షేపంగా వాడొచ్చు, గురువు లఘువు కుదిరితే చాలు.

సత్యనారాయణపురం నుంచి:
నాదొక్క మాట తమ్ముడూ. వింగరు, రెండు కప్పులు అన్నావు, గారించాతో కలిసి ఆడిన జగాలో కూడా వింగరే, ఆయనా 1958, 1962 రెండూ గెలిచాడు. పేరు లేకపోతే పోయింది, గారించానే పట్టించే గుర్తు ఒకటి పద్యంలో ఉండాలి కదా. మూడో పాదం వల్ల తెలుస్తుంది గానీ అప్పటిదాకా చదివేవాడు వేరేవాళ్ళ గురించి అనుకుంటాడు.

పటమట తమ్ముడు:
రెండో పాదం ఇలా మార్చానండి: *కప్పు రెండుసార్లు ఘనతఁ దెచ్చి*. గుర్తు సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

బ్రాడీపేట మాష్టారు:
క-ఘ యతి, భేష్. నేను మాత్రం షరతు దాటుతున్నాను, ఈ పాదం చూడగానే నాకు భీష్ముడే వచ్చి నిలబడ్డాడు.

*చేత విల్లు పట్టి చెలరేగి పోరాడు*
*తాత యా శిఖండి తనకు నెదుట*
*నిలువ విల్లు విడిచి నేలపైఁ బడినాఁడు*
*ఓడిపోనివాఁడె యోడిపోయె*

తెనాలి అక్కయ్య:
మాష్టారూ, నడక అద్భుతంగా ఉందండి, చదువుతుంటే హరికథ విన్నట్టుంది. విల్లు రెండుసార్లు వచ్చింది, మొదటి పాదంలో 'చేత శరముఁ బట్టి' అంటే పునరుక్తి పోతుందేమో.

బ్రాడీపేట మాష్టారు:
బాగా చెప్పావమ్మా, అలాగే మార్చుకుంటాను.

మంగళగిరి మిత్రులు:
పేరు లేదన్నారు కాబట్టి పేరు పెట్టే రాశాను.

*కాళ్ళు వంకరైన గారించ మైదాన*
*మందు నెదురులేని మగఁడె కాని*
*మధువు గెలిచె నతని మట్టిలోఁ గలిపెను*
*ఓడిపోనివాఁడె యోడిపోయె*

ఒక సందేహం కూడా, 1962 కప్పు జరిగిన చిలీ పేరు వేద్దామని ఎంత చూసినా ఎక్కడా కుదరలేదు, ఎందుకంటారు?

బ్రాడీపేట మాష్టారు:
'మైదాన' దగ్గర పాదం విరిచి 'మందు'తో కింది పాదం ఎత్తుకున్నారు చూడండీ, అది చాలా గడుసుగా ఉంది, మూడో పాదంలో రాబోయేది ముందే చెవిలో వేశారు. గారించాని గారించ చేశారు, పరవాలేదు. ఇక చిలీ అంటే ముందు లఘువు తర్వాత గురువు, ఆటవెలదిలో అలా మొదలయ్యే గణమే లేదు, దానికి ముందు ఒక గురువు తగిలించి 'ఆ చిలీ' అనండి, రగణమై కూర్చుంటుంది. బ్రెజిల్‌కి చివర ఉకారం ఇస్తే మూడూ లఘువులే, నగణం, ఎక్కడైనా పడుతుంది.

తెనాలి అక్కయ్య:
నాది 1962 ప్రపంచకప్పు మీద. పీలే రెండో మ్యాచ్‌లోనే చెకోస్లొవేకియా మీద ఆడుతూ కండరం పట్టేసి కప్పుకే దూరమైపోయాడు, ఆ తర్వాత క్వార్టర్స్‌లో ఇంగ్లండ్ మీద రెండు గోల్స్, సెమీస్‌లో ఆతిథ్యమిచ్చిన చిలీ మీదే రెండు గోల్స్, అన్నీ గారించావే. మా నాన్నగారు ఆ రోజుల్లో పేపర్లో చదివిన సంగతులు మాకు కథల్లా చెప్పేవారు.

*గాయపడిన పీలె కదలలేకుండగా*
*భారమెత్తి కప్పు పట్టి తెచ్చె*
*తాగి తాగి తుదకు దైన్యాన మరణించె*
*ఓడిపోనివాఁడె యోడిపోయె*

సత్యనారాయణపురం నుంచి:
అక్కయ్యా, మొదటి రెండు పాదాలు చదివి లేచి నిలబడ్డాను. చిలీ మ్యాచ్‌లో ఈయన్ని బయటికి పంపేశారు కూడా, అయినా ఫైనల్ ఆడనిచ్చారు, 3–1తో గెలిచారు. కానీ ఒక మాట అందరికీ చెప్పాలి, కొంచెం పెద్దదైనా చదవండి. గారించా మీద మూడు పూరణలు వచ్చాయి, మూడింట్లోనూ ఆయన్ని ఓడించింది మందే. తాగుడు నిజం, నేను కాదనను, 1983 జనవరి 20న పోయాడు, యాభయ్యేళ్ళు కూడా నిండలేదు, కారణం ఆ తాగుడే. 1969లో ఆయన నడుపుతున్న కారు ప్రమాదమై భార్య ఎల్జా సోరెస్ తల్లి చనిపోయింది, ఆ దుఃఖం నుంచి ఆయన తేరుకోలేదంటారు. ఇవన్నీ ఉన్నాయి. అయితే ఆ తాగుడొక్కటే చెప్పి ఊరుకుంటే మిగతావాళ్ళందరూ ఏ మచ్చా లేకుండా తప్పించుకుంటారండి. అంకెలు వేయని ఖాళీ కాంట్రాక్టుల మీద సంతకం పెట్టేసేవాడాయన, ఎంతిస్తే అంతే. స్టేడియం నిండేది ఆయన పేరు మీద. మోకాళ్ళు అరిగిపోతున్నా సూదులు వేయించి దింపేవాళ్ళు, ఎందుకంటే ఆయన లేకపోతే టికెట్లు తెగవు. అసలే పుట్టుకతో వంకరైన కాళ్ళు, వాటి మీద డిఫెండర్లు ఏళ్ళ తరబడి తన్నిన తన్నులు, ఆపైన ఈ సూదులు. మనిషి ఓడాడు సరే, ఓడించినవాళ్ళు ఎవరు? దాని మీద ఒక్క పద్యమైనా రావాలని నా కోరిక.

మంగళగిరి మిత్రులు:
నిజమేనండి, మధువు గెలిచె అని తేలిగ్గా అనేశామనిపిస్తోంది.

తెనాలి అక్కయ్య:
మీరు రాసింది చదివాక వంట కూడా పక్కన పెట్టి కూర్చున్నాను. ఇది చూడండి.

*తెల్లకాగితాన దిద్దె సంతకమును*
*క్లబ్బు నింపుకొనియె గల్లపెట్టె*
*జనుల మోదమునకు సగమయ్యె మోకాలు*
*ఓడిపోనివాఁడె యోడిపోయె*

బ్రాడీపేట మాష్టారు:
అమ్మా, చాలా గొప్పగా వచ్చింది. గల్లాపెట్టెని గల్లపెట్టె చేశావు, అది ఛందస్సు కోసం ఇచ్చే చనువే, నాకేమీ అభ్యంతరం లేదు. జ-స యతి ఉన్న మూడో పాదం ఈ వారానికే మకుటం. 'జనుల మోదము' అని ఎందుకన్నావో అందరికీ తెలియాలి, బ్రెజిల్‌వాళ్ళు ఆయన్ని పిలుచుకునే పేరే అది, జనం ఆనందం అని, సమాధి మీద కూడా అదే చెక్కారు. ఆ బిరుదునీ ఆ మోకాలినీ ఒక్క పాదంలో పక్కపక్కన పెట్టేశావు.

సత్యనారాయణపురం నుంచి:
నాకు మాట రావడం లేదు అక్కయ్యా. 'సగమయ్యె' దగ్గర ఆగిపోయాను. నిందించకుండా, ఎవర్నీ తిట్టకుండా జరిగింది జరిగినట్టు మూడు పాదాల్లో పెట్టారు, సంతకం, గల్లా, మోకాలు.

పటమట తమ్ముడు:
నేను ఇంకోటి ప్రయత్నించానండి. అందరూ ఆయన బతుకులో ఓటమి గురించి రాశారు, నేను ప్రాక్టీసు నుంచి వస్తూ ఒక సంగతి చదివాను, ఆయన బ్రెజిల్‌కి ఆడిన మ్యాచ్‌లు 50 అయితే ఓడింది ఒక్కటే, అదీ చివరిది, 1966లో లివర్‌పూల్‌లో గూడిసన్ పార్కులో హంగరీ చేతిలో 3–1. ఆ రోజు పీలే ఆడలేదు. అంటే సమస్యలో ఉన్నది ఉన్నట్టుగానే జరిగింది కదా అనిపించింది.

*హంగరియులతోడ నాఖరి యాటలో*
*నొక్కమాఱె యోడె నొక్కమాఱె*
*అంతవఱకు నెపుడు నతఁ డోడు టెఱుఁగఁడు*
*ఓడిపోనివాఁడె యోడిపోయె*

బ్రాడీపేట మాష్టారు:
నాయనా! పొద్దున యతి తప్పినవాడివి నువ్వేనా? హ-ఆ మైత్రి కూడా పట్టేశావే. 'ఒక్కమాఱె' రెండుసార్లు వచ్చినా అది పునరుక్తి కాదు, మొదటిది లెక్క, రెండోది గొంతులో వచ్చిన వణుకు. సమస్యాపూరణంలో అసలు నేర్పు ఇదే, పాదంలో ఉన్న విరోధాన్ని పక్కదారి పట్టించకుండా, ఒక్క మాట అర్థం మార్చకుండా నిజం చేయడం. ఇందులో ఎవరి ఉపమానమూ కావలసి రాలేదు, నా భీష్ముడిది కూడా.

మంగళగిరి మిత్రులు:
అయితే ఈ వారం మొదటి స్థానం ఎవరికండి? నా ఓటు తమ్ముడికే.

సత్యనారాయణపురం నుంచి:
సమస్యని విప్పిన తీరుకి తమ్ముడి పద్యం ముందు, అందులో సందేహం లేదు. గారించాకి న్యాయం చేసింది మాత్రం అక్కయ్య పద్యం, నేను సమస్య ఇచ్చిందే అందుకు, కాబట్టి నా లెక్కలో అక్కయ్యదే మొదటిది. తమ్ముడూ నువ్వు నొచ్చుకోవద్దు, నీ పద్యం మా ఇంట్లో మావాడికి నేర్పుతున్నాను, వాడు ఇప్పటికే రెండు పాదాలు అప్పజెప్పేస్తున్నాడు.

పటమట తమ్ముడు:
అయ్యో అలాంటిదేం లేదండి, అక్కయ్యగారి మూడో పాదం మా టీమ్ గ్రూపులో పెట్టాను, మా గోల్‌కీపర్ మోకాలికి కట్టు కట్టుకుని ఉన్నాడు, వాడు రెండుసార్లు చదివాడు.

సత్యనారాయణపురం నుంచి:
వచ్చే ఆదివారానికి తేటగీతి నాలుగో పాదం ఇస్తున్నాను, ఇది కూడా గారించా ఉన్న మైదానంలోదే.

*కుక్క యొక్కటి గ్రౌండులోఁ గోలు గొట్టె*

1962 క్వార్టర్స్‌లో, బ్రెజిల్ ఇంగ్లండ్ మ్యాచ్ మధ్యలో నిజంగానే ఒక కుక్క మైదానంలోకి వచ్చేసింది, ఎవరికీ దొరకలేదు, గారించాకే దొరకలేదు, చివరికి ఇంగ్లండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ నాలుగు కాళ్ళ మీద కూర్చుని పట్టుకుంటే అది ఆయన చొక్కా తడిపేసింది. తర్వాత దాన్ని గారించా తనతో ఇంటికి తీసుకెళ్ళాడని గ్రీవ్స్ చెప్పేవాడు. గోలు మాత్రం అది కొట్టలేదు, కొట్టించే పూచీ మీది. శనివారం రాత్రిలోగా పంపండి, మాష్టారు ఆదివారం పొద్దున్నే చూస్తానన్నారు.