కొరియాలో కోటిమంది చూసిన సినిమా బయటివాళ్లకు ఎందుకు ఎక్కదు? లోపం సినిమాదా, చూసేవాళ్లదా?

పడవరేవు:
'ద హోస్ట్' కథ చివరిదాకా చెప్పేస్తున్నాను. చూడనివాళ్లు చూసి వచ్చి చదవండి.

పోయిన వారం మా రూమ్‌మేట్స్‌తో కలిసి ఆ సినిమా మళ్లీ చూశాను. 2006లో బాంగ్ జూన్-హో తీసిన సినిమా. ఐదు కోట్ల జనాభా ఉన్న దక్షిణ కొరియాలో కోటికి పైగా టిక్కెట్లు తెగాయి. అమెరికాలో మాత్రం మొత్తం వసూళ్లు 22 లక్షల డాలర్ల దగ్గర ఆగిపోయాయి. అక్కడి విమర్శకులు బాగా మెచ్చుకున్నారు. మామూలు ప్రేక్షకుల్లో మాత్రం చాలామంది "భయపెట్టాలో నవ్వించాలో తేల్చుకోలేని సినిమా" అన్నారు. మా గదిలోనూ అదే మాట వచ్చింది.

గొడవంతా ఒక్క సీన్ దగ్గర. హాన్ నదిలోంచి వచ్చిన జంతువు ఒక స్కూలు పిల్లను ఎత్తుకుపోతుంది. పిల్ల చనిపోయిందనుకుని నాన్న, తాత, బాబాయి, మేనత్త పెద్ద హాల్లో ఫోటో ముందు ఏడుస్తుంటారు. ఏడుస్తూ ఒకరినొకరు లాక్కుంటూ నేలమీద పడి దొర్లుతారు. పత్రికలవాళ్లు ఆ నలుగురినీ ఫోటోలు తీస్తుంటారు. కాసేపటికి పసుపురంగు రక్షణ దుస్తుల్లో ఒకతను హడావుడిగా లోపలికొచ్చి కాలుజారి పడతాడు. "పిల్ల పోయిన చోట నవ్వించడం ఏంటి? డైరెక్టర్‌కి పట్టు తప్పింది" అన్నాడు మావాడు.

నాకలా అనిపించలేదు. మా తాతయ్య పోయిన రోజు మా పెద్దత్తయ్య గుండెలు బాదుకుని ఏడుస్తూ, మధ్యలో ఠక్కున ఆగి "పెరట్లో గేదెకి ఎవరైనా నీళ్లు పెట్టారా?" అని అడిగింది. పెట్టామని చెప్పాక మళ్లీ ఏడుపు అందుకుంది. పిల్లలం నోళ్లు నొక్కుకుని నవ్వాం. ఆవిడ దుఃఖం అబద్ధం కాదు, మా నవ్వూ అబద్ధం కాదు. ఆ హాల్లో సీన్ నాకు అచ్చంగా మా ఇల్లే.

అందుకే నా అభిప్రాయం ఇది: బయటివాళ్లు తమ ఊరి తూకపురాళ్లు పట్టుకొచ్చి ఈ సినిమాలను తూస్తున్నారు. మీరేమంటారు?

సెకండ్‌షో:
నేను ఒప్పుకోను. మీ తాతయ్య పోయిన రోజు మీకు గుర్తుంది కాబట్టి ఆ సీన్ మీకు పండింది. ఆ జ్ఞాపకం లేనివాడి సంగతి ఏంటి? సినిమా తన కాళ్లమీద తను నిలబడాలి. టిక్కెట్ కొన్నవాడికి నచ్చకపోతే, నీ చదువు చాలలేదు అనడం అన్యాయం.

రాజమౌళిగారి విషయమే తీసుకోండి. 'ద హోస్ట్' తీసిన బాంగ్ జూన్-హో సినిమానే 'పారసైట్'. అది ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు తెచ్చుకున్న 2020లోనే, ఆ సినిమా తనకు నెమ్మదిగా అనిపించిందనీ సగంలో నిద్రపట్టేసిందనీ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. సోషల్ మీడియాలో ఆయన్ని ఎంత ఆడిపోసుకున్నారో చూశాం. ఆయనకు సినిమా తెలీదందామా? ఆయనకు కథ ఎక్కిన పద్ధతి వేరు, అంతే. అవార్డు వచ్చింది కదా అని నచ్చినట్టు చెప్పాలా? నచ్చలేదని బయటికి చెప్పిన మాటకు నేను ఎక్కువ విలువిస్తాను.

సువాన్ తెలుగు:
ఇద్దరికీ సగం సగం ఓటు. నా అనుభవం చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

2014లో నేను దక్షిణ కొరియాలోని సువాన్ నగరంలో చదువుకుంటున్నాను. ఆగస్టులో మా ల్యాబ్ వాళ్లందరూ 'మ్యోంగ్‌న్యాంగ్' అనే సినిమాకు తీసుకెళ్లారు. బయట దేశాల్లో 'ది అడ్మిరల్' అని ఆడింది. 1597లో నౌకాదళాధిపతి యి సున్-షిన్ డజను ఓడలతో, వందకు పైగా ఉన్న జపాన్ ఓడల్ని అడ్డుకున్న కథ. దాదాపు 1.76 కోట్ల టిక్కెట్లతో కొరియాలో ఇప్పటికీ అదే రికార్డు. సబ్‌టైటిల్స్ లేవు, నా కొరియన్ అంతంతమాత్రం. చివరి గంట మొత్తం సముద్రం మీద యుద్ధమే. జపాన్ వాళ్లందరూ ఒకే మూసలో పోసిన విలన్లు. నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. విదేశీ సమీక్షల్లో చాలావాటిలోనూ తర్వాత ఇదే మాట చదివాను.

కానీ నా పక్క సీట్లో కూర్చున్న సీనియర్ కళ్లు తుడుచుకుంటున్నాడు. బయటికొచ్చాక ఎందుకని అడిగాను. అతను సినిమా సంగతి ఎత్తలేదు. సెవోల్ ఓడ గురించి చెప్పాడు. ఆ ఏడాది ఏప్రిల్ 16న మునిగిపోయింది, 304 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఒకే హైస్కూలు పిల్లలు. ఆ స్కూలు అన్సాన్‌లో ఉంది, మా సువాన్‌కి దగ్గరే. "ఉన్నచోటే ఉండండి, కదలకండి" అని మైకులో చెబుతుంటే పిల్లలు కదల్లేదు. కెప్టెన్ మాత్రం ముందే ఓడ దిగి బయటపడ్డాడు. సినిమా జులై 30న వచ్చింది, నాలుగు నెలలు కూడా కాలేదు. అందులో మిగతా ఓడలన్నీ భయపడి వెనక ఆగిపోతే యి సున్-షిన్ ఒక్క ఓడతో ముందు నిలబడతాడు. "కెప్టెన్ అంటే అలా ఉండాలి కదా" అన్నాడు మా సీనియర్. అంతకుమించి మాట్లాడలేదు.

సినిమా గొప్పదని ఇప్పటికీ అనను. కానీ ఆ హాల్లో మేం ఇద్దరం చూసింది ఒకే సినిమా కాదు. సబ్‌టైటిల్స్ ఉన్నా ఆ తేడా తీరేది కాదు.

బాల్కనీ:
సువాన్ తెలుగు అన్నా, నువ్వు చెప్పింది చదివి మనసు బరువెక్కింది. కానీ ఆ టిక్కెట్ల లెక్క వెనక ఇంకోటి ఉంది, అది కూడా చెప్పుకోవాలి. 'మ్యోంగ్‌న్యాంగ్' ఊపులో ఉన్నప్పుడు దేశంలోని తెరల్లో సగానికి పైగా దాని చేతిలోనే ఉన్నాయి, 1,500 దాటాయి. పంపిణీ చేసింది సీజే కంపెనీ. అక్కడ అతిపెద్ద థియేటర్ల చెయిన్ సీజీవీ కూడా ఆ గ్రూపుదే. మా కుటుంబం థియేటర్ లీజు వ్యాపారంలో ఉంది, సంక్రాంతికి తెరల కోసం ఏం జరుగుతుందో చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. సెలవురోజు పిల్లల్ని తీసుకుని వచ్చినవాళ్లు ఆడుతున్నదే చూస్తారు. కోటిమంది చూశారు అంటే కోటిమంది ప్రేమించారు అని కాదు.

పైగా కొరియా వాళ్లంతా ఒకే మాట మీద ఉన్నారనుకోవడం కూడా పొరపాటు. బలవంతంగా ఏడిపించే కథనానికి వాళ్లకు 'షిన్‌పా' అని ఒక మాటే ఉంది, తిట్టుగానే వాడతారు. 'ట్రెయిన్ టు బుసాన్' అనే జాంబీల సినిమా చివర్లో తండ్రి, కూతురి సీన్ చూసి బయటి దేశాలవాళ్లు వెక్కివెక్కి ఏడిస్తే, అక్కడివాళ్లలో కొందరు "మళ్లీ షిన్‌పానే" అని విసుక్కున్నారు. ఇక్కడ లెక్క తిరగబడింది చూడండి.

2007లో వచ్చిన 'డి-వార్' అనే రాక్షస పాముల గ్రాఫిక్స్ సినిమా సంగతి ఇంకో రకం. కొరియాలో 80 లక్షలకు పైగా టిక్కెట్లు తెగాయి. అమెరికాలో రెండు వేలకు పైగా తెరల్లో వేస్తే విమర్శకులు చీల్చి చెండాడారు. చివర్లో 'అరిరంగ్' జానపద గీతం వస్తుంది, మన దేశపు గ్రాఫిక్స్ హాలీవుడ్‌కి వెళ్తున్నాయన్న గర్వం అక్కడి జనానిది. దాన్ని బాగాలేదన్న కొరియా విమర్శకుడి మీద కూడా అభిమానులు విరుచుకుపడ్డారు. ఆ సినిమాకు బయటివాళ్లు వేసిన మార్కులే సరైనవి అంటాను.

వెన్నెల:
సబ్‌టైటిల్స్ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. 'పారసైట్'లో ఒక పేద కుటుంబం అబద్ధాలు చెప్పి డబ్బున్నవాళ్ల ఇంట్లో పనికి చేరుతుంది. అందులో అన్నయ్య దొంగ సర్టిఫికెట్ తయారు చేయించుకున్నప్పుడు తండ్రి అనే మాటలో ఉన్నది సియోల్ నేషనల్ యూనివర్సిటీ. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో ఆక్స్‌ఫర్డ్ అని వేశారు. చపాగురి అనే నూడుల్స్‌కి రామ్‌డాన్ అని కొత్త పేరే పుట్టించారు. అది రెండు చవక ప్యాకెట్లు కలిపి చేసుకునే వంట, అందులో ఖరీదైన గొడ్డుమాంసం వేయమంటుంది ఆ డబ్బున్న ఇంటావిడ. కథంతా ఆ గిన్నెలోనే ఉంది. చెల్లెలు తలుపు దగ్గర తన కొత్త పేరూ ఊరూ గుర్తుపెట్టుకోడానికి పాడుకునే చిన్న పాట ప్రపంచమంతా పాకింది కదా, దాని వరస, జపాన్ కూడా తమదేననే డొక్డో దీవి మాదే అని చెప్పే పాటది. కొరియాలో అందరికీ తెలిసిన పాట. బయటివాళ్లు ఆ సంగతి తెలీకుండానే నవ్వారు. అంటే తెలిస్తేనే నచ్చుతుంది అన్నది కూడా నిజం కాదు.

ఒకటి గమనించారా? ముసలావిడ ఉన్నట్టుండి పడుచుపిల్లగా మారిపోయే 'మిస్ గ్రానీ' 2014లో అక్కడ పెద్ద హిట్. ఆ సినిమాను సబ్‌టైటిల్స్‌తో చూసిన తెలుగువాళ్లు తక్కువ. అదే కథను 2019లో నందినీ రెడ్డిగారు 'ఓ బేబీ'గా తీస్తే మా అమ్మ మూడుసార్లు చూసింది. చైనా, వియత్నాం, జపాన్, థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ కూడా ఎవరి ముసలమ్మను వాళ్లు పెట్టుకుని తీసుకున్నాయి. కథ సరిహద్దు దాటింది, ఆ మాటతీరు మాత్రం దాటలేదు.

పడవరేవు:
బాల్కనీగారు చెప్పిన తెరల సంగతి నేను ఆలోచించలేదు. టిక్కెట్ల లెక్కతో వాదన మొదలుపెట్టడం నా పొరపాటే. తూకపురాళ్ల మాట మాత్రం వదలను.

సెకండ్‌షో గారూ, మీకొక ప్రశ్న. 'ద హోస్ట్' మధ్యలో ఆ కుటుంబం అలిసిపోయి తమ చిన్న కొట్టులో చేరి నూడుల్స్ తింటుంటారు. పిల్ల ఎక్కడో కాలువలో బతికే ఉందని అప్పటికి తెలుసు, ఎక్కడో తెలీదు. ఉన్నట్టుండి ఆ పిల్ల వాళ్ల మధ్యలోంచి లేచి కూర్చుంటుంది. ఎవరూ ఆశ్చర్యపోరు. ఒక్క మాట లేదు. తాత, నాన్న, బాబాయి, అత్త ఒకరి తర్వాత ఒకరు తమ చేతిలోది ఆమె నోట్లో పెడతారు. మా రూమ్‌మేట్ "ఇది కలా, ఎడిటింగ్ తప్పా?" అని అడిగాడు. పిల్ల కనిపించకుండా పోతే ఇంట్లోవాళ్లకు మొదట వచ్చే ఆలోచన "ఏం తిందో" అనే కదా. కొరియాలోనూ "అన్నం తిన్నావా" అనే పలకరించుకుంటారు.

చివరికి ఆ పిల్ల బతకదు. ఆమె కాపాడిన చిన్న పిల్లాడు బతుకుతాడు. ఆఖరి సీన్‌లో బయట మంచు కురుస్తుంటే నాన్న ఆ పిల్లాడికి వేడివేడి అన్నం పెడతాడు. పిల్ల బతకలేదని కూడా చాలామంది బయటివాళ్లు కోపం తెచ్చుకున్నారు. మీకు ఈ రెండు సీన్లు ఎలా అనిపించాయి?

సెకండ్‌షో:
నూడుల్స్ సీన్ దగ్గర నాకు గొంతు పట్టేసింది. అక్కడ ఎవరూ నాకేమీ వివరించలేదు, అవసరం రాలేదు. నేను అడిగేది సినిమా అంతా అలా ఉండాలనే. పిల్ల చనిపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ అన్నం గిన్నె చూశాక అసలే లేదు.

హాల్లో ఏడుపు సీన్ మాత్రం మీరు గేదె సంగతి చెప్పాక నిన్న రాత్రి మళ్లీ పెట్టుకుని చూశాను. దొర్లడం వరకు ఒప్పుకుంటున్నాను. ఆ పసుపు బట్టలతను జారిపడటం నాకు ఇప్పటికీ పొసగలేదు.

సువాన్ తెలుగు:
అతను ప్రభుత్వం మనిషి అన్నా. ఏం జరిగిందో చెప్పకుండా అందర్నీ కదలొద్దని ఆపడానికి వచ్చినవాడు. ఇంకోసారి అక్కడినుంచి చూడు.