మెస్సయాకి ఎంతమంది గొంతులు కావాలి?

కోయర్_కుర్రాడు:
ఈ క్రిస్మస్‌కి మా కోయర్, పద్దెనిమిదో శతాబ్దపు సంగీతకర్త హ్యాండెల్ క్రీస్తు గురించి కట్టిన 'మెస్సయా'లో మొదటి భాగం, చివర హల్లెలూయా కోరస్ పాడదామనుకుంటోంది. ఎనభై మంది పేర్లిచ్చారు. మా డైరెక్టరు గారు మాత్రం ఇరవై నాలుగు మంది చాలంటున్నారు. హ్యాండెల్ కాలంలో అంతేనట. మీరేమంటారు?

ఫిడేలు_పిచ్చి:
మీ డైరెక్టరు గారికి ఓ దణ్ణం. 1754లో లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో మెస్సయా పాడినప్పుడు ఎవరికెంత ఇచ్చారో పద్దులు మిగిలాయి. అది దిక్కులేని పిల్లల్ని పెంచే ఆశ్రమం. కోరస్‌లో 19 మంది. ఆరుగురు చాపెల్ రాయల్ (రాజుగారి చర్చి కోయర్) పిల్లలు, మిగతావాళ్ళు మగవాళ్ళు. వాద్యాలు 38. అంటే పాడేవాళ్ళకి రెండింతలు వాయించేవాళ్ళు! మనమేమో ఎనభై మందిని నిలబెట్టి పక్కన ఒక కీబోర్డు పెడతాం.

ఇంకో సంగతి. 'ఫర్ అంటు అస్ ఎ చైల్డ్ ఈజ్ బోర్న్' కోరస్‌లో గబగబా సాగే ఆ స్వరాల పరుగులు కోరస్ కోసం పుట్టినవి కావు. 1741 వేసవిలో రెండు గొంతుల కోసం రాసుకున్న ఇటాలియన్ పాట నుంచి ఆయనే తెచ్చి ఇందులో పెట్టుకున్నాడు. అలాంటి సెమీక్వేవర్లు, అంటే చకచకా సాగే చిన్న స్వరాలు, ఎనభై మంది పాడితే ముద్ద ముద్దగా వినిపిస్తాయి.

రేపల్లె_బేస్:
తెచ్చి కోరస్‌కిచ్చింది హ్యాండెలే కదా అన్నా? సోలోవాళ్ళే పాడాలనుకుంటే అలాగే రాసేవాడు.

1784లో వెస్ట్‌మినిస్టర్ అబీలో హ్యాండెల్ స్మారకోత్సవానికి పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ కలిపి ఐదొందలు దాటారు. ఆయన పోయి అప్పటికి పాతికేళ్ళే. కుర్రతనంలో ఆయన దగ్గర వాయించిన చార్లెస్ బర్నీ ఆ ఉత్సవం గురించి పుస్తకమే రాశాడు, మెచ్చుకుంటూ. ఆయనకంటే మనకెక్కువ తెలుసా?

తంబురా:
హల్లెలూయా రెండో భాగం చివర్లో వస్తుంది. క్రీస్తు పునరుత్థానం అయ్యాక. క్రిస్మస్‌కి ఎందుకు పాడతారో ఎవరైనా చెప్తారా?

ఫిడేలు_పిచ్చి:
బర్నీ పుస్తకం మూడో జార్జి రాజుగారి కనుసన్నల్లో వచ్చింది. మెచ్చుకోక ఏం చేస్తాడు? ఆ ఉత్సవంతో మొదలైన జబ్బు లండన్ క్రిస్టల్ ప్యాలెస్ హాల్లో వేలమంది దాకా పోయింది. 1891లో నాటక రచయిత, సంగీత విమర్శకుడు బెర్నార్డ్ షా విసిగిపోయి, సమర్థులైన ఇరవై మందితో ఒక్కసారి సరిగ్గా పాడించండయ్యా అని రాశాడు. ఆ 1754 పాఠాన్నే 1980లో కండక్టరు క్రిస్టఫర్ హాగ్‌వుడ్ రికార్డు చేశాడు. విను, తర్వాత మాట్లాడు.

ఆల్టో_అక్క:
ఆ 19లో సోలోవాళ్ళు ఉన్నారా, లేరా?

ఫిడేలు_పిచ్చి:
లేరక్కా. ఐదుగురు సోలోవాళ్ళు వేరే. వాళ్ళూ కోరస్‌లో గొంతు కలిపేవాళ్ళు.

ఆల్టో_అక్క:
అయితే 24 అన్నమాట. ఇందాకట్నుంచి 19 అంటున్నారు.

ఫిడేలు_పిచ్చి:
24 అయినా ఎనభై కాదుగా!

తెనాలి_టెనర్:
మొదటిసారి 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో పాడారు. అక్కడి రెండు కెథెడ్రళ్ళ కోయర్లనుంచి మనుషుల్ని తెచ్చుకోవాల్సొచ్చింది. వాటిలో ఒకటైన సెయింట్ ప్యాట్రిక్స్‌కి డీన్ (పెద్ద పాదిరీ) అయిన జొనాథన్ స్విఫ్ట్ తన వాళ్ళని పంపనని మొండికేసి తర్వాత మెత్తబడ్డాడు. దొరికినవాళ్ళతో పాడించుకున్నాడు హ్యాండెల్ మహానుభావుడు. దాన్ని రూలు చేయకండి.

రేపల్లె_బేస్:
అదీ మాట! ఎక్కువమంది దొరికితే ఎక్కువమందినే పెట్టేవాడు.

ఫిడేలు_పిచ్చి:
పెట్టేవాడని నీకెలా తెలుసు? నీకు కావాల్సిన హ్యాండెల్‌ని నువ్వు తయారుచేసుకుంటున్నావు.

రేపల్లె_బేస్:
నువ్వు చేస్తున్నదీ అదే. అసలు సంగతి చెప్పనా? నాకు స్టాఫ్ నొటేషన్, అదే ఐదు గీతల మీద రాసే స్వరలిపి, రాదు. మా నాన్నగారు టానిక్ సోల్ఫాలో, అంటే డో రే మీ అక్షరాలతో రాసే పద్ధతిలో నేర్పారు. ఏళ్ళ తరబడి బేస్ పాడాను. కొత్తగా వచ్చిన ఒకాయన 'బరోక్ శైలి' (హ్యాండెల్ కాలం నాటి పద్ధతి) అని పరీక్ష పెట్టి నన్నూ నాలాంటి పెద్దవాళ్ళనీ పక్కన కూర్చోబెట్టాడు. ఆయనా ఈ పద్దులే చూపించాడు. ఇంగ్లండులో మిల్లుకూలీలు అదే సోల్ఫాతో, నొవెల్లో అనే ప్రచురణకర్తల చవక పుస్తకాలతో నేర్చుకుని మెస్సయా పాడారు. వాళ్ళు పాడింది సంగీతం కాదా?

ఫిడేలు_పిచ్చి:
సంగీతమే. అయితే టికెట్టు కొని వచ్చి కూర్చున్నవాడి సంగతేంటి? నేను వాయించిన ఒక ప్రోగ్రాంలో సగంమంది కోయర్ రిహార్సల్‌కే రాలేదు. ఆరోజు ఫ్యూగ్ (ఒకే వరసని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే భాగం) మధ్యలో టెనర్లు తప్పిపోయారు. కండక్టరు ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సొచ్చింది. స్టేజి మీద సిగ్గుతో చచ్చాం. అందర్నీ చేర్చుకోవాలంటే ఆరాధనలో పాడించండి. కచేరీ అని టికెట్లు అమ్మకండి.

రేపల్లె_బేస్:
రిహార్సల్‌కి రానివాణ్ణి తీసెయ్. నేనెప్పుడైనా మానేశానా? కచేరీకి మేం పనికిరాం, ఆరాధనకి సరిపోతాం. పొద్దున్నుంచీ నువ్వంటున్నది ఇదే. మధ్యలో ఫౌండ్లింగ్ హాస్పిటల్ ఎందుకు?

తంబురా:
నా ప్రశ్నకి జవాబు రాలేదు.

కోయర్_కుర్రాడు:
పెద్దలారా, పరుగులున్న కోరస్‌లు ఇరవై నాలుగు మంది పాడి, హల్లెలూయాకి ఎనభై మందీ కలిస్తే ఎలా ఉంటుంది?

ఫిడేలు_పిచ్చి:
రెండు రకాల బృందాలు, రెండు రకాల స్వరం. పైగా హల్లెలూయాకి డి మేజర్ శ్రుతిలో రెండు ట్రంపెట్లు, టింపనీ డోళ్ళు ఉండాలి. మీ దగ్గర ఉన్నాయా?

రేపల్లె_బేస్:
అంటే మేం గంటసేపు బెంచీలమీద కూర్చుని, చివర్లో లేచి అరవాలా? నేను రాను తమ్ముడూ. మీ డైరెక్టరు గారికి కూడా చెప్పు.