పండ్లమీద గార చూసి "ఫ్లోరైడ్" అని రాస్తె మార్కు కొట్టేస్తరా?

మర్రిగూడ_నాన్న: మా బిడ్డ ఏడో తరగతి. పరీక్షల ఓ పిల్లగాని పండ్ల ఫొటో ఇచ్చి ఏం పరిశీలించినవో రాయమన్నరు. ఇది "బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంది" అని రాసింది, సున్నా ఏసిండ్రు. తాతల కాడికెంచి నడుములు వంగి, కాళ్లు వంకరబోయిన ఊరు మాది, కండ్ల ముంగట ఉన్నది రాస్తె తప్పెట్లయితది?

దేవరకొండ_సైన్స్‌టీచర్: అన్నా, సున్నా ఏసుడు నాకూ నచ్చలే, గని అది అబ్జర్వేషన్ కాదు. ఫొటోల ఉన్నయి గోధుమరంగు చారలు, తెల్ల మచ్చలు, గంతే. నీళ్లే లేవు అండ్ల. ఫ్లోరైడ్ అన్నది మనం అనుకున్నది, ఇన్ఫరెన్స్.

పాలమూరు_పోరడు: డాక్టరు గూడ చూడంగనే ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్‌తోని వచ్చే రోగం, అంటడు కద సార్. పన్నెండేండ్ల పిల్లలకు గింత చీల్చి చెప్తె సైన్స్ అంటేనే భయపడ్తరు, ముందు ఉత్సాహం రానియ్యండి, ఈ తేడాలు తొమ్మిదిల చెప్పుకోవచ్చు.

దేవరకొండ_సైన్స్‌టీచర్: డాక్టరు ఏ నీళ్లు తాగినవ్, చిన్నప్పుడు ఏడున్నవ్ అని అడుగుతడు తమ్మీ. గార వచ్చేది శాశ్వత పండ్లు చిగుళ్ల లోపట తయారయ్యేటప్పుడు, అంటే దాదాపు ఎనిమిదేండ్ల లోపు తాగిన నీళ్లతోని. ఇయ్యాల ఇంట్ల భగీరథ నల్లానీళ్లు తాగుతున్నా ఆ మరక పోదు. ఉల్టా చూడు, పెద్దయినంక ఈ దిక్కు కోడలుగ వచ్చినామెకు పండ్లు తెల్లగనే ఉంటయ్, గామెను చూసి బోరు మంచిదే అనుకుంటె ఎముకలు పాడయితయ్. మా పిల్లలకు ఇది తొమ్మిది దాకా ఆపుడు నాతోని గాదు.

నీళ్ల_ల్యాబ్: సార్ చెప్పింది కరెక్ట్. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, నీళ్లల్ల కంటికి కనబడదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందా లేదా టెస్టు చేస్తెనే తెలుస్తది. గిన్నెకు పట్టే తెల్ల పొర జూసి గూడ ఫ్లోరైడ్ అంటరు, అది ఎక్కువ శాతం కాల్షియం.

మర్రిగూడ_నాన్న: కోడలి ముచ్చట సమజయింది సార్. కని బిడ్డ ఆలోచించింది కద, దానికి విలువ లేదా?

దేవరకొండ_సైన్స్‌టీచర్: ఉంది అన్నా, ప్రశ్నపత్రందే లోపం. "ఏం కనబడ్డది", "ఏమనుకుంటున్నవ్", "అది నిజమో కాదో ఎట్ల తెలుసుకుంటవ్" అని మూడు అడిగి మూడింటికీ మార్కులు పెట్టాలె. నేను క్లాసుల గట్లనే అడుగుత, మూడోదానికి పిల్లలే "బోరునీళ్లు టెస్టుకు పంపుదాం సార్" అంటరు.

పాలమూరు_పోరడు: మూడు ప్రశ్నలకైతె ఒప్పుకుంట. మొదటిదొక్కటే అడిగి సున్నా ఏస్తె మాత్రం ఒప్పుకోను.