స్టార్మీ మండే: ముందు కాంపింగా, లిక్సా?

ఆరోతీగ: అమెరికన్ బ్లూస్ గిటారిస్ట్ టీ-బోన్ వాకర్ 1947లో రికార్డ్ చేసిన 'కాల్ ఇట్ స్టార్మీ మండే'తో గిటార్ మీద బ్లూస్ మొదలుపెట్టేవాళ్లకి ముందు ఏది చెప్పాలి? కాంపింగా (పాట వెనక కార్డ్స్ వాయించడం), లిక్సా (చిన్న చిన్న స్వరాల పలుకులు)? నా ఓటు లిక్స్‌కే. మూడో ఫ్రెట్ దగ్గర జి మైనర్ పెంటటోనిక్ బాక్స్ (ఐదు స్వరాల స్కేల్ ఒకే చోట పడే వేళ్ల అమరిక) ఒక్కటి చాలు, మొదటి రోజే పాటలా వినిపిస్తుంది. కాంపింగ్‌కి వాడే నైన్త్ కార్డ్స్‌తో (సెవెన్త్ కార్డ్‌కి తొమ్మిదో స్వరం కలిపినవి) మొదలెడితే వారం తిరక్కుండా గిటార్ మూలకెక్కుతుంది.

పన్నెండుబార్లు: ఒప్పుకోనండీ. మీ బాక్స్‌లోనే చూడండి. మూడో తీగ మీద మూడో ఫ్రెట్ బి ఫ్లాట్, నాలుగోది బి. జి కార్డ్ మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి జారితే బ్రహ్మాండం. అదే లిక్‌ని పన్నెండు బార్ల (నాలుగేసి దెబ్బల భాగాల) చుట్టులో ఐదో బార్‌లో, వెనక సి9 (సి నైన్త్ కార్డ్) మోగుతుండగా వాయించండి. సి9లో బి ఫ్లాట్ ఉంది, మీ బి వెళ్లి దాన్ని పొడుస్తుంది. వేళ్లది తప్పు కాదు, కార్డ్ మారిన సంగతి చెవికి తెలీలేదంతే. కాంపింగ్ చేసినవాళ్లకి ఆ మార్పు ముందే వినిపిస్తుంది.

ఇక నైన్త్ కష్టమన్నది వట్టి భయం. రికార్డ్‌లో బేస్, పియానో ఉన్నాయి, రూట్ (కార్డ్‌కి పేరిచ్చే స్వరం) సంగతి వాళ్లు చూసుకుంటారు. మనకి సన్న తీగలు మూడు చాలు, ఒక్క వేలు అడ్డంగా పడుకోబెట్టండి. జి అయితే 12వ ఫ్రెట్ నుంచి 10కి, సి అయితే 5 నుంచి 3కి, డి అయితే 7 నుంచి 5కి ఈడ్చాలి. మొదటి చోట సిక్స్త్ కార్డ్ పలుకుతుంది, రెండో చోట నైన్త్. మీటు ఒక్కటే. జారేటప్పుడు వేలు ఒత్తిడి సడలితే నైన్త్ చచ్చిపోతుంది, చాలామందికి చెడేది అక్కడే.

కేపోవద్దు: ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్టో అంకెల్లో రాసింది) చూసి వాయించేవాళ్లకి ఏది ముందైనా ఒకటే, గురూ. నెట్‌లో దొరికే ట్యాబ్స్‌లో ఏడో, ఎనిమిదో బార్ల దగ్గర ఎ మైనర్ సెవెన్, బి మైనర్ సెవెన్, బి ఫ్లాట్ మైనర్ సెవెన్ కనిపిస్తాయి చూడండి. అవి వాకర్‌వి కావు. 1960ల మొదట్లో గాయకుడు బాబీ బ్లాండ్ ఈ పాట పాడినప్పుడు వేన్ బెన్నెట్ గిటార్‌తో వచ్చిన దారి అది. 1971లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాలు లైవ్‌లో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ పట్టుకున్నదీ దాన్నే. వినడానికి బాగుంటాయి, కాదనను. 1947 రికార్డ్ పెట్టుకుని వాటిని వాయిస్తే మాత్రం రెండు పాటలు ఒకేసారి మోగినట్టుంటుంది.

ఆరోతీగ: బి దగ్గర దొరికిపోయాను, సరే. మరి ఆ గాంధారం మాటేంటి? జి షడ్జమం అనుకుంటే, బి ఫ్లాట్‌ని కాస్త లాగితే సాధారణ గాంధారానికీ (బి ఫ్లాట్) అంతర గాంధారానికీ (బి) మధ్య ఎక్కడో నిలబడుతుంది. బ్లూస్ ప్రాణమంతా అందులోనే ఉంది. మీ కార్డ్స్‌లో ఏ ఫ్రెట్ మీదా దొరకదది.

పన్నెండుబార్లు: దొరకదు, నిజమే. కానీ ఎంత లాగాలో కూడా చెప్పాలిగా! ఆ రోజుల్లో మూడో తీగ కూడా చుట్టుతీగే (పైన సన్న తీగ చుట్టిన మందపాటిది), దాన్ని పూర్తి స్వరం లాగడమంటే వేళ్లు ఊడొచ్చే పని. ఇప్పటి 9 గేజ్ సెట్ (సన్న తీగలు) మీద చెయ్యి పెడితే చాలు, బి దాటి సి దాకా పోతుంది. పావు స్వరం (ఒక ఫ్రెట్ దూరంలో సగం) దగ్గర ఆపాలి. ముందు నాలుగో ఫ్రెట్ మీటి బి విని, తర్వాత మూడో ఫ్రెట్ నుంచి లాగుతూ అక్కడిదాకా వెళ్లకుండా ఆగడం సాధన చెయ్యండి.

తిశ్రగతి: రెండూ ఒకే చుట్టులో పెట్టుకోవచ్చు కదా. రికార్డ్ వేగం 0.75కి తగ్గించండి, దెబ్బకి మూడు చొప్పున బార్‌కి పన్నెండు లెక్కపెట్టండి. గొంతు వినిపించే రెండు బార్లూ కాంపింగ్, గిటార్ జవాబిచ్చే రెండు బార్లూ లిక్.

ఆరోతీగ: జి9 పదో ఫ్రెట్‌లో, నా బాక్స్ మూడో ఫ్రెట్‌లో. అంత దూరం దూకేలోపు జవాబు టైమ్ అయిపోతుందన్నా.

తిశ్రగతి: దూకడమెందుకు? రెండో తీగ మీద 11వ ఫ్రెట్ బి ఫ్లాట్, 8వది జి. పావు స్వరం లాగి జి మీద దిగండి. చెయ్యి జి9 దగ్గరే ఉంటుంది. సి9 వచ్చినప్పుడు ఎలాగూ మూడో ఫ్రెట్‌కే వెళ్తారు, మీ బాక్స్ అక్కడే ఉంది.